అంచు మీది అక్షరాలు

కోడలికి ఆ సందేహం పంతొమ్మిదేళ్ళ నాటిది. కడిగి ఆరబెట్టిన ఫిల్మ్ అంచుల వెంట నల్ల కాగితం ఎందుకు అంటించాలి? ఊళ్ళో మరే స్టూడియోలోనూ అలా చేయరు. ఈ ఇంట్లో మాత్రం సన్నగా కత్తిరించిన నల్ల కాగితం, గిన్నెలో జిగురు, చిన్న కుంచె ఎప్పుడూ బల్ల మీద సిద్ధంగా ఉండాలి. ఆ పని ఆమెది. ఎందుకని ఒకసారి అత్తగారిని అడిగితే, "వేలిముద్రలు పడకుండానమ్మా" అంది. బొమ్మ మీద పడితే కదా నష్టం, అంచు మీద పడితే ఏమిటట? ఆ రెండో ప్రశ్న ఆమె అడగలేదు. అత్తగారు పోయి ఆరేళ్ళయింది. ప్రశ్న మాత్రం పోలేదు.

కాగితం కింద ఏముందో ఆమెకు తెలియనిది కాదు. అంచు పొడవునా చీమల బారులా నాలుగు అక్షరాలు, పక్కన ఒక అంకె, మళ్ళీ అవే అక్షరాలు. డబ్బా మీదున్న 'మా ఇంటి ఫిల్మ్' అనే పేరుకీ వాటికీ ఏ పోలికా లేదు. దానికీ అత్తగారి దగ్గర జవాబుండేది. "ప్లాస్టిక్ పట్టీ బయట కొన్నది. దాని మీద వెలుగు పట్టే పూత మీ మామగారిది. గుడ్డ మిల్లుదైనంత మాత్రాన చొక్కా కుట్టింది దర్జీ కాకుండా పోతాడా?" మాట బాగుంది. కోడలు దాన్ని నమ్మడం కన్నా, నమ్మాలని కోరుకోవడమే ఎక్కువ.

ఆ రోజు కూడా ఎప్పటిలాగే తెల్లవారింది. ఆమె స్నానం చేసి, దేవుడి ముందు నిలబడి, రోజూ అడిగే ఒక్క కోరికే అడిగింది. "నా నోట అబద్ధం రానివ్వకు తండ్రీ." తర్వాత టీ పెట్టింది. ఇంటి ముందు గదే కొట్టు. వెనక ఫిల్మ్ కడుగుడు గది. దాని లోపల ఇంకో గది, మామగారిది. ఫిల్మ్ తయారయ్యేది అందులోనే అని ఇంటిల్లిపాదికీ తెలుసు. తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉండేది. కొడుకైనా సరే గడప దాటింది లేదు. "దుమ్ము పడితే పూత చెడుతుంది" అనేవారు ఆయన.

టీ తాగుతూ భర్త కొత్త అట్టపెట్టె నమూనాని వెలుగుకి ఎత్తిపట్టుకుని మురిసిపోతున్నాడు. కుర్రకారు మళ్ళీ ఫిల్మ్ వెంట పడ్డారు. దూరపు ఊళ్ళ నుంచి కూడా అడుగుతున్నారు. అందుకే కూతురు చదువు అవగానే వచ్చి, కొట్టు తన చేతుల్లోకి తీసుకుని, కొత్త పెట్టెలు వేయిస్తోంది. పదకొండు గంటలకు వచ్చే ఫోన్‌కి సరే అంటే చాలు, ప్రెస్సువాడు అచ్చు మొదలుపెడతాడు.

"విన్నావా? 'యాభై ఏళ్ళుగా మా తాతయ్య చేతి పూత.' నీ కూతురు కవయిత్రి అయిపోయిందోయ్!"

"యాభై ఎక్కడివండీ? నలభై ఆరేగా."

"కొట్టువాళ్ళం కదా. నాలుగేళ్ళు కొసరు వేశాం."

కిటికీ పక్క కుర్చీలో పేపరు చదువుతున్న మామగారు తల ఎత్తలేదు. "ఆ పూత మాట తీసేయమను. పేరొక్కటి ఉంటే చాలదూ?"

"మీకు మొహమాటం నాన్నా! సొంతంగా ఫిల్మ్ చేసినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరున్నారు? చాటుకోవద్దూ?"

మామగారు పేపరు పేజీ తిప్పారు. తిప్పిన పేజీనే మళ్ళీ వెనక్కి తిప్పారు. కోడలు అది చూసింది.

కడుగుడు గది తలుపు తెరుచుకుంది. నోరు మూసుకుని అరగంట ఉండలేదని కూతురికి ఇంట్లో పెట్టుకున్న పేరు పిచ్చుక. ఆ పిచ్చుక ఇవాళ చప్పుడు చేయకుండా వచ్చి నిలబడింది. చేతుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఒక్కో చేతిలో ఒక్కో ఫిల్మ్ ముక్క.

"తాతయ్యా, ఒకసారి ఇటు చూడు."

తడి ముక్కలు రెండూ కిటికీ అద్దానికి అతికించింది. వెనక నుంచి ఎండ పడింది.

"పెట్టెలో నమూనాగా పెడదామని ఒక రోలులోంచి ముక్క కోసి నేనే కడిగాను. అంచు మీద ఈ అక్షరాలేమిటని అమ్మనడిగితే, అవి పట్టీ మీదవి, పూత మాత్రం తాతయ్యది అని నానమ్మ చెప్పేదంది. సరే చూద్దామని అదే రోలులోంచి ఇంకో ముక్క కోశాను. బొమ్మ తేల్చే మందులో దీన్ని వేయనే లేదు. పూత కరిగించే మందులో నేరుగా వేశాను. పూతంతా పోయింది. ఇప్పుడు చూడండి."

మొదటి ముక్క అంచున నల్లగా అక్షరాల బారు. రెండో ముక్క గాజులా తేటగా ఉంది. దానిలోంచి వీధిలో పోతున్న సైకిలు కనిపిస్తోంది. ఒక్క అక్షరం లేదు.

"అక్షరాలు పట్టీ మీద ఉంటే పూత పోయినా ఉండాలిగా? లేవు. అంటే అవి పూతలోనే ఉన్నాయి. పూత వేసినవాళ్ళు పెట్టుకున్న గుర్తు అది. తాతయ్యా, ఆ గుర్తు నువ్వు పెట్టావా?"

కోడలు టీ గ్లాసు పక్కన పెట్టింది. ఎన్ని వేల రోలులు కడిగింది తను! ఖాళీగా ఉన్న అంచు మీద, మందులో ముంచాకే, తన కళ్ళ ముందే ఆ అక్షరాలు మెల్లగా నల్లబడుతూ పైకి తేలేవి. బొమ్మతో పాటే తేలేవి. పట్టీ మీద ముందే ఉన్నవైతే తేలడమేమిటి? కళ్ళెదుట ఉన్నదాన్ని పంతొమ్మిదేళ్ళు చూస్తూ కూడా చూడలేదు.

"ఎవరడిగారు నిన్ను పరీక్షలు చేయమని?" మామగారి గొంతు పెద్దగా లేచింది. "నిన్న పుట్టిన పిల్లవి, నాకు ఫిల్మ్ గురించి చెబుతావా?"

"పిచ్చుకా, తాతతో మాట్లాడే తీరేనా అది?" అన్నాడు తండ్రి.

"తిట్టట్లేదు నాన్నా, అడుగుతున్నాను. ఆ పెట్టె అడుగున నా సంతకం ఉంది. 'తయారీ గురించి పూచీ నాది' అని రాసి మరీ పెట్టాను. పదకొండింటికి నేను ఏమని చెప్పాలి?"

"ఏమని ఏముంది! నాన్నా, మీరే చెప్పండి దానికి. లోపల గదిలో ఏం కలుపుతారో, ఎలా పూస్తారో చెప్పండి. నోరు మూసుకుని పోతుంది."

మామగారు పేపరు మడత పెట్టారు. భర్త ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది. తీయడం మరిచిపోయినట్టు ఉంది.

"నాన్నా?"

ఆ ఇంట్లో ఎన్నడూ మామగారికి ఎదురుగా నిలబడని కోడలు లేచి వెళ్ళి ఆయన ముందు నిలబడింది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"మామయ్యగారూ, తాళంచెవి ఇలా ఇవ్వండి."

ఆయన ఆమె ముఖంలోకి చూశారు. కోపం కోసం వెతికినట్టు చూశారు. అది దొరకకపోయేసరికి భుజాలు జారిపోయాయి. ముడి విప్పడానికి వేళ్ళు సహకరించలేదు. చివరికి మనవరాలే వంగి విప్పింది.

లోపల గదిలో ఒక ముక్కాలి పీట. కత్తెర. ఫిల్మ్ చుట్టే చిన్న చేతిమర. గోడవార పెద్ద పెద్ద గుండ్రటి రేకు డబ్బాలు. వాటి మీది కాగితాలన్నీ చాకుతో గీకేసి ఉన్నాయి. ఫ్యాక్టరీలో చేసిన ఫిల్మ్ పెద్ద చుట్ట తెచ్చి, చీకట్లో ముక్కలు కోసి, చిన్న డబ్బాల్లోకి చుట్టడం. ఇన్నేళ్ళూ ఆ గదిలో జరిగిందంతా అదే. పై అరలో మాత్రం అడుగంటిన గాజు సీసాలు, పగిలిన పళ్ళెం, రాయిలా గట్టిపడిన వెడల్పాటి కుంచె ఉన్నాయి. వాటి మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుంది.

భర్త గడప మీదే కూలబడ్డాడు. "ముప్పై ఏళ్ళు కౌంటర్లో నిలబడి ఒట్టేసి అమ్మాను నాన్నా. మా నాన్న చేసింది అని దేవుడి మీద ఒట్టేసి! నాకైనా చెప్పకూడదూ? నేనేమన్నా పరాయివాడినా?"

"నీకే చెప్పలేకపోయానురా," అన్నారు మామగారు. కొడుకు పక్కనే గోడకి ఆనుకుని నిలబడ్డారు. "మొదటి కొన్ని నెలలు నేనే చేశాను. నిజంగా చేశాను. ఆ కుంచెతోనే. బొమ్మలన్నీ మసక. ఒక ఇంట్లో పసిబిడ్డ మొదటి పుట్టినరోజు ఫోటోలు తీస్తే, రోలంతా బూడిద. ఆ తల్లి నన్నేమీ అనలేదు. ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. ఆ వారమే ఫ్యాక్టరీ ఫిల్మ్ తెచ్చి నా డబ్బాల్లో చుట్టాను. రెండు నెలలు గడిపేద్దాం, ఈలోపు పూత కుదురుతుంది అనుకున్నాను. జనం వచ్చి, 'అబ్బ, మీ చెయ్యి తిరిగిందండీ' అన్నారు. అప్పటిదాకా తిట్టినవాళ్ళే పొగిడారు. తిట్లకు జవాబు చెప్పడం తెలుసు గానీ, పొగడ్తకు కాదని ఎలా చెప్పాలో తెలియలేదు. పూత కుదరనే లేదు. మీ అమ్మకి తెలుసు. తను పోయే ముందు కూడా, పిల్లలకి చెప్పెయ్యండి అంది."

"పేరు మార్చి అమ్మడం తప్పని నేను అనట్లేదు తాతయ్యా," అంది పిచ్చుక. కళ్ళు తుడుచుకుంటున్నా నీళ్ళు ఆగడం లేదు. "లోకంలో ఎంతమంది కొని చుట్టి అమ్మట్లేదు! చేసినవాడి పేరు చెబితే మనకేం తగ్గేది? చీకట్లో కూర్చుని ఒక్క గీత పడకుండా చుట్టావు. ప్రతి చుట్టలోంచి మొదటి ముక్క కోసి చూశాకే అమ్మావు. నా చిన్నప్పుడు ఒక చెడ్డ చుట్ట మొత్తం పారేశావు, నాకు గుర్తుంది. చెప్పుకోవడానికి ఇంత నిజం ఉండగా, లేనిదే ఎందుకు చెప్పావు?"

ఆ ఇంట్లో పెద్దాయన ఏడవడం ఎవరూ చూసి ఎరుగరు. అత్తగారు పోయిన రోజున కూడా కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఇప్పుడు కళ్ళజోడు తీయడం కూడా మరిచిపోయి ఏడ్చారు.

కోడలు ఆయనకు మంచినీళ్ళు ఇచ్చింది. "మీ ఒక్కరిదే కాదు మామయ్యగారూ. నా నోట అబద్ధం రానివ్వకని రోజూ దేవుణ్ణి అడిగాను. ఆయన నా మాట విన్నాడు. నోట రానివ్వలేదు. చేతులతో అంటించాను. చేతుల సంగతి ఆయన్ని అడగాలని నాకెందుకు తోచలేదో!"

ముందు గదిలో ఫోన్ మోగింది. పదకొండయింది. పిచ్చుక తాతయ్య వైపు చూసింది. ఆయన తల ఊపారు.

"అచ్చు ఆపండన్నా," అంది ఫోన్లో. "మాట మారింది. రాసుకోండి. 'మా ఇంటి ఫిల్మ్' ఉంటుంది. కింద, తయారీ ఫలానా ఫ్యాక్టరీ అని వస్తుంది. వాళ్ళని అడిగి, ఒప్పుకున్నాక పేరు పంపిస్తాను. దాని కింద, 'చుట్టి, పరీక్షించి ఇచ్చేది మేము.' అంతే. యాభై కాదు, నలభై ఆరేళ్ళుగా."

"కొసరు తీసేసిందిరా భగవంతుడా," అన్నాడు భర్త, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో. లేచి తండ్రి భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. చెయ్యి మాత్రం తీయలేదు.

గది సర్దుతుంటే పై అరలో, ఎండిన సీసాల వెనక, కోడలికి ఒక పాత కవరు దొరికింది. లోపల ఆరు బొమ్మల ఫిల్మ్ ముక్క ఒకటి. అంచుకి నల్ల కాగితం లేదు. చూడగానే ఆమెకు గుర్తొచ్చింది. పిచ్చుక చంకలో ఉన్న రోజులు. బడిలో డ్రాయింగు మాష్టారు కౌంటరు దగ్గర తన ఫిల్మ్‌ని వెలుగుకి పెట్టి చూసి, అమాయకంగా అడిగాడు. "ఏమండీ, మీ ఫిల్మ్ మీద ఇవెవరి అక్షరాలు?" కొట్టునిండా జనం. మామగారు ఆయన చేతిలోంచి ఆ ముక్క లాక్కుని, "నా ఫిల్మ్ మీద అనుమానం ఉన్నవాడు నా గడప ఎక్కక్కర్లేదు" అని పంపించేశారు. ఆ మర్నాటి నుంచే నల్ల కాగితం. ఆ రెండింటినీ ఆమె ఎన్నడూ ముడిపెట్టి చూడలేదు. మాష్టారు మళ్ళీ ఆ వీధిలోకి రాలేదు. బడికి చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

"దీన్ని పారేయలేదేం మామయ్యగారూ?"

"నాది కాదుగా అమ్మాయ్. ఎలా పారేస్తాను? ఇవ్వడానికేమో కాళ్ళు రాలేదు."

సాయంత్రం ఎండ తగ్గాక మామా కోడళ్ళిద్దరూ మాష్టారి ఇంటికి బయలుదేరారు. రెండు వీధుల దూరం. పెద్దాయన మూడుచోట్ల ఆగారు. ప్రతిసారీ కోడలు కూడా ఆగింది, వెనక్కి వెళ్దామని మాత్రం అనలేదు.

తలుపు తీసింది మాష్టారి భార్య. మోకాళ్ళ నొప్పితో గోడ పట్టుకుని నడుస్తోంది. లోపల నుంచి వచ్చిన మాష్టారు, పెద్దాయన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మీది ఒకటి నా దగ్గర ఉండిపోయింది మాష్టారూ," అన్నారు మామగారు. కవరు చేతికిచ్చారు. "ఆ రోజు మీరు అడిగింది సరైన మాటే. ఆ అక్షరాలు నావి కావు. చేసినవాళ్ళవి. నలుగురిలో మిమ్మల్ని అన్నాను. రేపు మా కొట్టుకి రండి, నలుగురిలోనే ఈ మాట మళ్ళీ చెబుతాను."

మాష్టారు కవరు విప్పాడు. ముక్కని దీపానికి ఎత్తిపట్టాడు. ఆరు బొమ్మలు. తెల్లవారుజామున బడి మైదానం, సైకిలు మీద నలభై ఏళ్ళ ఆడమనిషి, మొదట భయం, తర్వాత ధైర్యం. ఆరోదానిలో గాల్లో ఒక చక్రం, నేల మీద ఒక చెప్పు.

"ఏవి, ఏవి?" అంటూ భార్య గోడ వదిలేసి వచ్చింది. చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇదిగో! నేను సైకిలు తొక్కానంటే మన పిల్లలు ఒక్కరూ నమ్మలేదు కదండీ! కోతలు కోస్తానని నవ్వారు. ఇప్పుడు రమ్మనండి!"

మాష్టారు నవ్వాడు. నవ్వుతూనే పక్కకు జరిగి, పెద్దాయన లోపలికి రావడానికి గుమ్మంలో దారి ఇచ్చాడు.