తువ్వాలు కింద ఒకటి

"రాజూ, మధ్యాహ్నం రెండింటికి ఆ ముఠా సిగ్నల్ బయలుదేరితే కోస్తాలో సబ్‌స్టేషన్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఆసుపత్రుల్లో ఊపిరి మిషన్లతో సహా." ఇయర్‌ఫోన్‌లో చీఫ్ కృష్ణమూర్తి గొంతు. "అక్షయ మీద నాకు అనుమానంగా ఉంది. మన మనిషి కాదని తేలితే కాల్చెయ్."

ఏజెంట్ సువర్ణరాజు సామాన్యుడు కాడు. ఒక్క తుమ్ముతో మూడు దేశాల గూఢచారుల పెట్టుడు మీసాలు ఊడగొట్టిన మొనగాడు. ఈరోజు నూజివీడు యార్డులో మామిడి వ్యాపారి వేషం. తన మీసాన్ని పచ్చికాయ సొనతో అంటించుకున్నాడు. మంట చంపేస్తోంది.

ఎదురుగా చలువ కళ్ళద్దాల్లో అక్షయ. విదేశీ ముఠాలో దూరిన మన డబుల్ ఏజెంట్. ఈ మిషన్ కాగానే పెళ్ళని ఇద్దరూ అనుకున్నారు. పక్కనే ముఠా నాయకుడు నెల్సన్. వాడి ముందు మాటలు కుదరవు. అందుకే యార్డు పద్ధతిలో చేతుల మీద తువ్వాలు కప్పి, వేళ్ళతో బేరం.

ఆమె అతని చూపుడువేలు ఒక్కటే గట్టిగా నొక్కింది.

"ఒకటా? వెయ్యా, లక్షా?"

"ఒకటేనండీ. మర్చిపోతే మీ ఖర్మ."

నువ్వూ నేనూ ఒకటే అంటోందని మురిసిపోయాడు పిచ్చిమారాజు.

రెండు కావస్తుండగా కాయలు మాగబెట్టే గదిలో ట్రేల వెనక నక్కాడు. అక్షయ లాప్‌టాప్ ముందుంది.

"మన సిగ్నల్, అందరికీ ఒకేసారి పోయే మల్టీకాస్ట్ ప్యాకెట్, ఎంత దూరం పోవును?" నెల్సన్ వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"టీటీఎల్ ఎంతిస్తే అంత బాస్. దాని ఆయుష్షు అదే. ప్రతి రౌటర్ దగ్గరా ఒకటి తగ్గుతుంది. సున్నా అయితే చచ్చిపోతుంది."

"చావకూడదు!"

ఆమె టీటీఎల్ గడిలో మైనస్ ఒకటి కొట్టింది. "ఇక హద్దే లేదు బాస్."

చీఫ్ అనుమానమే నిజమనుకున్నాడు సువర్ణరాజు. తువ్వాలు కింద మాట అబద్ధమన్నమాట. బోలు మామిడికాయలోని పిస్తోలు పేలింది. అక్షయ కూలింది. అప్పటికే నెల్సన్ ఎంటర్ నొక్కేశాడు.

పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. నెల్సన్ మళ్ళీ నొక్కాడు, మళ్ళీ మళ్ళీ నొక్కాడు. లైటు రెప్పైనా ఆర్పలేదు. వాడి నెత్తిన పిస్తోలుతో ఒక్కటిచ్చి పడగొట్టి, సువర్ణరాజు ఆమెను ఒళ్ళోకి తీసుకున్నాడు.

"మైనస్ ఒకటిస్తే... ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఒకటిగానే తీసుకుంటుందండీ. ఈ గది రౌటర్ కూడా దాటదు. ఒకటని చెప్పానుగా!"

"నేను... మనిద్దరం ఒకటనుకున్నానే."

"అదీ నిజమేనండీ," అంది. అంతే, కన్నుమూసింది.

అంత సొనతో అంటించిన మీసం కన్నీటికి ఊడి పడింది.

చెవిలో చీఫ్ గొంతు: "శభాష్, కరెంటు పోలేదు! గురి తప్పలేదుగా?"

"తప్పలేదు సార్," అన్నాడు సువర్ణరాజు. "అదే నా ఏడుపు."