గూరో గూడు వదిలిన రోజు

బ్యాండు మేళం చర్చి మలుపు తిరిగేసరికి ఊరేగింపులో పిల్లలందరూ ఉన్నారు, నేను తప్ప.

నేను పడవల షెడ్డు వెనక దిగుడు దారిలో పరిగెడుతున్నాను. ఒంటి మీద కొత్త ఎర్ర ఉన్ని గౌను, ఛాతీ మీద గలగలమనే వెండి బిళ్లల పిన్ను, బ్రోచి, చేతిలో కాగితం జెండా. ఆ రోజు మే పదిహేడు, జాతీయ దినోత్సవం. మా నార్వేలో పిల్లలకు అంతకు మించిన పండుగ లేదు. ఆ గౌను అమ్మ చలికాలమంతా కూర్చుని కుట్టింది. ఊళ్లో అందరికీ చూపించేశాను. ఇంకొక్కరికే చూపించాలి.

ఆ ఒక్కరు గూరో. గూరో ఒక బాతు.

అంటే చెరువు బాతు కాదు, సముద్రపు బాతు. కొండల మధ్యకు పొడుగ్గా చొచ్చుకొచ్చిన సముద్రపు పాయను మేం ఫియోర్డ్ అంటాం. ఆ పాయ మొదలయ్యే చోట మా ఊరు. మొత్తం నలభై ఇళ్లు. ఏటా వసంతంలో ఈ బాతులు వచ్చి మా రాతి గట్టున గుడ్లు పెట్టేవి. వాటికోసం మావాళ్లు రాళ్లతో, నీళ్లలో కొట్టుకొచ్చిన చెక్కలతో బుల్లి బుల్లి ఇళ్లు కట్టి, లోపల ఎండిన నాచు పరిచేవాళ్లు. బాతు తన రొమ్ము మీది మెత్తటి ఈకలు పీకి పరుపు వేసుకునేది. పిల్లలతో అది నీళ్లలోకి వెళ్లిపోయాక ఆ ఈకలు మావి. వాటితో దుప్పట్లు కుట్టుకునేవాళ్లం. అప్పటిదాకా గూళ్లకు కాపలా కాయడం మా పని.

కాపలా అంటే మాటలు కాదు. బాతులు ఉన్నన్నాళ్లూ గట్టున ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. కుక్కను విప్పకూడదు. బట్టలు ఆరేయకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కాపలా వాళ్లు రోజూ ఒకే బట్టలు వేసుకోవాలి. కొత్త రంగు కనబడితే బాతు బెదిరిపోతుంది.

మా అమ్మమ్మ అస్లౌగ్ ముప్పై ఏళ్లుగా ఒకటే బూడిదరంగు కోటు వేసుకునేది. నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఆ ఏడు, మొదటిసారి నాకూ కాపలా పని ఇచ్చింది. దాంతోపాటు తాతయ్య పాత స్వెటరు కూడా ఇచ్చింది.

"అమ్మమ్మా, చేపల కంపు!"

"గూరో ఏమీ అనుకోదులే. వేసుకో."

ఆ కంపు, అమ్మమ్మ పక్కన చప్పుడు చెయ్యకుండా నడిచిన ఆ పొద్దుటి పూటలు ఇప్పుడు తలుచుకుంటే నాకు బెంగగా ఉంటుంది. అప్పట్లో మాత్రం ముక్కు మూసుకునేదాన్ని.

ఒకప్పుడు గట్టు మీది ముప్పై బాతు ఇళ్లూ నిండేవట. ఆ ఏడాది ఏడింట్లోనే బాతులు దిగాయి. వాటిలో గూరో నన్ను చూసినా బెదిరి మెడ తిప్పేది కాదు. అందుకే అది నా స్నేహితురాలు అనుకున్నాను.

ఆ పండుగ రోజు దాని గూటి ముందు ఆగి, "గూరో! ఇటు చూడు!" అంటూ గిర్రున తిరిగాను.

గౌను గొడుగులా విచ్చుకుంది. బ్రోచి గలగలలాడింది. జెండా ఫటఫటమంది. గూరో మెడ చాచి ఒక్క క్షణం చూసింది. అంతే, రెక్కలు టపటపలాడించుకుంటూ నా చెవి పక్కనుంచి నీళ్లలోకి ఎగిరిపోయింది. పోతూ పోతూ గుడ్ల మీద రెట్ట కూడా వేసింది.

తనంతట తాను లేచినప్పుడు బాతు గుడ్ల మీద ఈకలు కప్పి వెళ్తుంది. ఇప్పుడు ఐదు గుడ్లూ చలిగాలికి బయటే ఉన్నాయి. మరి నేనేం చేశాను? కాళ్లకు బుద్ధి చెప్పాను. పోయి ఊరేగింపులో కలిసిపోయాను.

ఊరేగింపు బడి ఆవరణ చేరింది. పెదనాన్న కొడుకు ఐవిన్ నాకు ఐస్‌క్రీమ్ తెచ్చిచ్చాడు.

"తినవేం? కరిగిపోతోంది."

"ఆకలిగా లేదు."

"ఐస్‌క్రీమ్‌కి ఆకలెందుకే?"

అటు అమ్మమ్మ పండుగ బట్టల్లో అందరికీ కాఫీ పోస్తోంది. నవ్వుతోంది. మూడుసార్లు ఆమె దగ్గరికి వెళ్లి మూడుసార్లూ వెనక్కి వచ్చాను. నాలుగోసారి గట్టు వైపు గుడ్లు ఎత్తుకుపోయే తెల్లటి గల్ పక్షులు గిరగిరా తిరగడం కనబడింది.

"అమ్మమ్మా, గూరో ఎగిరిపోయింది. ఈ గౌను చూసి. నావల్లే."

"ఎప్పుడు?"

"ఊరేగింపప్పుడు."

అమ్మమ్మ కెటిల్ కింద పెట్టింది. "ఇప్పుడా చెప్పడం, తూరా?"

తిట్టినా బాగుండేది. ఇంటికెళ్లి తన బూడిదరంగు కోటు తొడుక్కుని గట్టుకు నడిచింది. నేను దూరంగా షెడ్డు దగ్గర ఆగాను. ఆమె గూటి ముందు వంగి గుడ్లు తడిమి, తుడిచి, ఈకలు కప్పి వచ్చింది.

"నాలుగే ఉన్నాయి. ఒకటి గల్ ఎత్తుకుపోయింది. తక్కినవి కాస్త వెచ్చగానే ఉన్నాయి. గూరో తొందరగా తిరిగొస్తే బతుకుతాయి."

నేను ఏడ్చాను.

"ఏడిస్తే గుడ్లు వెచ్చబడవు. వెళ్లి ఆడుకో. నేను కూర్చుంటాను."

"నేను కూర్చుంటా అమ్మమ్మా."

"గోనెసంచి పరుగు పందెం ఉందిగా? వారం నుంచి గెంతుతున్నావు!"

"ఐవిన్‌ని గెలవనీ."

ఇంటికి వెళ్లి గౌను విప్పాను. మంచం మీద దాన్ని ఒకసారి చూసుకున్నాను. చేపల కంపు స్వెటరు తొడుక్కుని గట్టున బోర్లించిన పడవ దగ్గర, రోజూ కూర్చునే చోటే కూర్చున్నాను.

గల్ పక్షి దిగినప్పుడల్లా మెల్లగా లేచి నిలబడేదాన్ని. అది పోయాక మెల్లగా కూర్చునేదాన్ని. అరవడానికి లేదు, రాయి విసరడానికి లేదు. గూరో దూరంగా నీళ్ల మీద తేలుతూ ఇటే చూస్తోంది. చర్చి గంట ఒకసారి కొట్టింది. నా వేళ్లు కొంకర్లు పోయాయి.

పై దారిలోంచి ఐవిన్ కేక వేశాడు. "తూరా! ఫొటో తీస్తున్నారు! నీ గౌనేదీ?"

అరచెయ్యి నేలవైపు తిప్పి మెల్లగా కిందికి ఊపాను. వాడు నన్ను చూశాడు, నీళ్లవైపు చూశాడు. తన ఎర్ర టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు. మునివేళ్ల మీద వెనక్కి నడిచి వెళ్లిపోయాడు.

అప్పుడు గూరో ఒడ్డుకు వచ్చింది. రాళ్ల మీద అటూ ఇటూ ఊగుతూ నడిచి, నాకు రెండు జానల దూరంలో ఆగింది. నా స్వెటరును పైనుంచి కిందికి చూసింది. నేను ఊపిరి బిగబట్టాను. అది నన్ను దాటి గూట్లోకి వెళ్లింది. రొమ్ము కాస్త ఎత్తి, నాలుగు గుడ్లనూ ముక్కుతో కిందికి లాక్కుని కూర్చుంది.

పైన బడి దగ్గర, ఫొటో కోసం కాబోలు, ఊరంతా కలిసి "హుర్రా!" అని అరిచింది.

నేనూ అన్నాను, పెదాలు మాత్రం కదిపి.