నాలుగు గంటల నొప్పి

ఆ కళాశాలలో మొదటి సంవత్సరం పిల్లలు ఎముకల పేర్ల కంటే ముందు తల వంచడం నేర్చుకునేవారు. హాస్టల్లో పొద్దున్నే ఒకడు అద్దం ముందు నిలబడి కళ్లలోకి జాలి తెచ్చుకుంటుంటే, పక్క మంచం వాడు పళ్లు తోముకుంటూనే తప్పులు దిద్దేవాడు. "అంత వంచగాకురా, మెడ పట్టేసినోని మాదిరి ఉండావు." మెస్సులో ఉగ్గాని తింటూ "నిన్న నీకెంత?" అని అడిగితే అది పరీక్ష మార్కు గురించి కాదు. నిన్న సాయంత్రం ఒక రోగి బాధను ఎంత తగ్గించావు అని.

2081 నాటికి కోతలూ కుట్లూ మరమనుషుల చేతికి పోయాయి. ఎక్స్‌రేలు చదవడం, మందులు రాయడం యంత్రాల పని. మనిషికి మిగిలిన వైద్యం ఒక్కటే, మనోవైద్యం. అందుకే సైకియాట్రీ రెసిడెన్సీ సీటుకు అంత గిరాకీ. దానికోసం ఆఖరి సంవత్సరంలో కళ్లు తెరిస్తే చాలదు. తెల్లకోటు తొడిగిన మొదటి నెల నుంచే సాధన మొదలుపెట్టాలి. ఆ సాధనను కొలిచేది ఉపశమన మాపకం. అందరూ ఊరట మీటర్ అనేవారు.

దాని తీరు తేలికే. రోగి చెవి వెనక చింతగింజంత బిళ్ల అంటిస్తారు. మెదడులోని భయకేంద్రం, అంటే అమిగ్డలా, ఎంత ఉడుకుతోందో, చెమటలో కార్టిసాల్ ఎంత ఉందో, గుండె ఎలా కొట్టుకుంటోందో ఆ బిళ్ల చూసి, మూడింటినీ కలిపి బాధకు ఒక అంకె కడుతుంది. విద్యార్థి వేలికి ఉంగరం ఉంటుంది. అతడు గదిలో అడుగుపెట్టినప్పటి అంకెలోంచి ఏ క్షణానికి ఆ క్షణం ఉన్న అంకె తీసేస్తే వచ్చేదే ఊరట మార్కు. బాధ తగ్గేకొద్దీ ఉంగరం వెచ్చబడుతుంది. అది లంచానికి లొంగదు, కులం అడగదు, ఎవరి కొడుకువని చూడదు. మద్దిలేటి లాంటివాళ్లు దాన్ని నమ్ముకుని వచ్చింది అందుకే.

మద్దిలేటి నాయన బేతంచెర్లలో నాపరాళ్లకు పాలిష్ పట్టేవాడు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి మద్దిలేటి. చిన్నప్పుడు మతి చెదిరిన మేనమామను వీధి పిల్లలు రాళ్లతో తరుముతుంటే అడ్డం నిలబడి నెత్తి పగలగొట్టుకున్నాడు. చదివితే ఈ చదువే చదవాలని ఆనాడే తేల్చుకున్నాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. అయిదేళ్లుగా రోజూ సాయంత్రం నాలుగు గంటలకు ఆడవాళ్ల దీర్ఘకాలిక వార్డుకు వెళ్లి, తనకు కేటాయించిన రోగి హుసేనమ్మ ముందు కూర్చునేవాడు. జాలి చూపులూ తల వంచడాలూ అతనికి రావు. అసలు మాట్లాడేది కూడా ఆమే. "తిన్నావా? మీయమ్మకు మోకాలు తగ్గిందా? రెండు చొక్కాలే తిప్పి తిప్పి తొడుక్కుంటావేమి?" అతడు జవాబులు చెప్పేవాడు. బ్యాచ్‌లో పై మార్కు అతనిదే.

ఆఖరి సంవత్సరం ముగియవస్తుండగా ఒకరోజు క్లాసు జరగక, మద్దిలేటి ముందుగానే వార్డుకు వెళ్లాడు. గది తలుపు ఓరగా ఉంది. హుసేనమ్మ గోడవైపు తిరిగి నేల మీద కూర్చుని ఊగుతోంది.

"పో. యాడికన్నా పో. నా కండ్ల ముందర ఉండగాకు."

అన్నమాటే మళ్లీ అంటోంది. ఒక్కో మాటకూ పిడికిలితో రొమ్ము మీద కొట్టుకుంటోంది. పక్కగది రోగి సుబ్బక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని, పిండి రుబ్బేదాన్ని గమనించినట్టు గమనిస్తోంది.

"చాల్లేదు హుసేనమ్మా. చెప్పులు అనుకో. కాలవ గట్టు మింద చెప్పులు. ఒకటి తిరగబడి ఉండె గదా."

హుసేనమ్మ గొంతులోంచి ఒక ధ్వని వచ్చింది. అది ఏడుపు కాదు. మద్దిలేటి తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"ఏం చేస్తాండారు మీరు?"

సుబ్బక్క విసుక్కుంది. "ఇంత ముందుగా వస్తే ఎట్లప్పా? ఇంకా పొంగు రాలేదు."

హుసేనమ్మ గబగబా కళ్లు తుడుచుకుని, దొంగతనం బయటపడ్డ పిల్లలా నవ్వింది. అతడు పట్టు విడవకుండా అడిగితే చివరికి చెప్పింది.

"తగ్గాలంటే ముందు పెరగాల గదా నాయనా. నువ్వొచ్చే యాలకు ఎత్తుకుంటా. నువ్వు కూచున్నాక దించుకుంటా. నీళ్ల బిందె మాదిరే."

"ఎవరు నేర్పినారమ్మా ఇది?"

"నేర్పేదేముంది. మాకంటే ముందుండినోళ్లూ ఇట్లే చేసిరి. ఎవురి పిల్లోన్ని వాళ్లు గట్టెక్కించుకోవాల గదా."

"నా దగ్గరికొచ్చే డాక్టరు పాప పోయినేడే సీటు కొట్టింది," అంది సుబ్బక్క గర్వంగా. "ఈమెకు ఇంకా చాతకాలేదు."

మద్దిలేటి గోడ మీది తెర వైపు తిరిగాడు. హుసేనమ్మ బాధ గీత అక్కడ ఏళ్ల తరబడి పరుచుకుని ఉంది. ప్రతిరోజూ నాలుగింటి దగ్గర గుంజలా నిటారుగా లేచిన ఒక నిట్రాయి. ఆ నిట్రాళ్లను తీసేస్తే మిగిలిన గీత ఏనాడో నేలబారు అయిపోయింది. గీత మండలం పాటు, అంటే నలభై రోజులు, చదునుగా ఉంటే రోగిని ఇంటికి పంపాలని నియమం. తను 'పో' అన్న రోజే కొడుకు కాలవలో పోయిన దుఃఖం ఆమెను కొన్ని నెలలే ఇక్కడ ఉంచింది. మిగతా ఏళ్లన్నీ ఉంచింది మద్దిలేటి మార్కులు.

అతనికి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడ నిలబడలేక విభాగాధిపతి గదికి వెళ్లాడు.

డాక్టర్ పరంజ్యోతి ఆ మీటర్ను కళాశాలకు తెచ్చిన మనిషి. అంతా విని టీ చప్పరించాడు. "పేషెంట్ మాటలు పట్టుకుని యంత్రాన్ని అనుమానిస్తావా? రుజువు కావాలయ్యా."

"రుజువు చేస్తా సార్. ఈ ఉంగరం మీరు పెట్టుకోండి. బయటికెళ్లి, నేను పిలిచినాక రండి."

పరంజ్యోతికి వేడుకగా అనిపించింది, వెళ్లాడు. మద్దిలేటి బల్ల మీది నమూనా బిళ్ల తీసి తన చెవి వెనకే అంటించుకున్నాడు. కళ్లు మూసుకుని మేనమామను తెచ్చుకున్నాడు. రాళ్లు తగులుతున్నా నవ్విన ఆ నోటినీ, ఆ నోట్లోంచి కారిన నెత్తురునూ తెచ్చుకున్నాడు. గుండె దడదడలాడాక "రండి సార్" అని పిలిచి, ఆ తలపును వదిలేశాడు. పరంజ్యోతి వచ్చి ఏదేదో మాట్లాడాడు. మద్దిలేటి ఒక్కముక్కా వినలేదు. ఆ గది తెర మీద అంకె జారుతూ జారుతూ అడుగుకొచ్చింది.

"మీరు వచ్చినప్పటినుంచి మిమ్మల్ని చెంప మీద కొట్టాలనే ఉంది సార్ నాకు. ఇప్పుడు మీ మార్కు చూసుకోండి."

తొంభై ఒకటి.

పరంజ్యోతి ఆ అంకెను చాలాసేపు చూశాడు. అతని మొహం మెత్తబడింది. "ఇరవై ఏళ్లయింది నేను రోగి ఎదుట కూర్చుని," అన్నాడు నెమ్మదిగా. "ఇంకా పోలేదన్నమాట."

"ఏం పోలేదు సార్?"

"హస్తవాసి. కోపమొచ్చిందని నువ్వు పైపైన అనుకుంటున్నావు. నా మాట వింటుంటే లోపల నీకు ఊరటే కలిగింది. అది నీకు తెలియకపోవచ్చు."

మద్దిలేటి తెర మీది మీటర్ వైపు తిరిగి అడిగాడు. "ఈ బాధ ఎందుకు తగ్గిందో చెప్పు."

"కారణం నా పరిధిలో లేదు," అంది మీటర్. "నేను తేడా మాత్రమే కొలుస్తాను."

"విన్నారా సార్?"

"విన్నాను. తేడా ఉందనే కదా అంటోంది," అన్నాడు పరంజ్యోతి. ఆ మార్కును తన పేరిట భద్రపరుచుకుని, ఉంగరం తిరిగి ఇచ్చాడు. "చూడు బాబూ. ఇది బయటికి పొక్కితే మొదట ఎగిరేది నీ మార్కులే. బేతంచెర్ల పోయి రాళ్లకు పాలిష్ పడతావా?"

"మా నాయన పట్టిన రాయి తొక్కితే జారుతుంది గానీ మోసం చెయ్యదు సార్," అనేసి మద్దిలేటి బయటికొచ్చాడు.

వచ్చాడు గానీ ఏం చెయ్యాలో తెలియలేదు. పైవాళ్లు వినరు. మానెయ్యమంటే హుసేనమ్మ మానదు. చివరికి మరునాడు వెళ్లి, జీవితంలో మొదటిసారి ఒక రోగికి అబద్ధం చెప్పాడు.

"అమ్మా, నాకు సీటు వచ్చేసింది. ఇంక నువ్వు ఎత్తుకునే పనిలేదు."

ఆమె అతని రెండు చెంపలూ నిమిరి మెటికలు విరిచింది. టీలోకి ఇచ్చిన చక్కెర దాచిపెట్టి వార్డంతా పంచింది. ఆనాటి నుంచి నాలుగింటప్పుడు ఊరికే కూర్చుని తన ఊరి ముచ్చట్లు చెప్పేది. గీత చదునైంది. ఉంగరం చల్లబడిపోయింది. బ్యాచ్‌లో అతని పేరు ఒక్కో మెట్టే దిగుతుంటే హాస్టల్ పిల్లలు "ఏం మద్దిలేటీ, తల వంచడం మరిచిపోయినావా?" అని నవ్వేవారు. అతడు పళ్లు కొరికి ఓర్చుకున్నాడు.

మండలం నిండింది. హుసేనమ్మను ఇంటికి పంపే ఉత్తర్వు వచ్చింది. సీట్ల జాబితా ఖరారయ్యేదీ అదే రోజు. సాయంత్రం ఆరింటి వరకు పేర్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. తన పేరు ఎంత కిందికి పోయిందో మద్దిలేటి పొద్దున్నే చూసుకున్నాడు. బాధపడ్డాడు. అయినా నాలుగింటికి ఆమెను బస్సు ఎక్కించడానికి వెళ్లాడు.

గదిలో మూట కట్టి ఉంది. హుసేనమ్మ గోడవైపు తిరిగి ఊగుతోంది.

"వద్దమ్మా," అన్నాడు.

అప్పటికే గుమ్మం దాటేశాడు, ఉంగరం లెక్క మొదలుపెట్టేసింది. ఆమె తిరిగి అతన్ని చూసింది. ఆ మొహం అంత పాడుగా ఉండడం అయిదేళ్లలో అతడు ఎన్నడూ చూడలేదు. తర్వాత ఆమె నిట్టూర్చి, చెంగుతో కళ్లొత్తుకుని, మెల్లగా నవ్వింది. అతని వేలికున్న ఉంగరం నిప్పులా కాలింది. గోడ మీది తెరలో ఉత్తర్వు ఎర్రబడింది: విడుదల నిలిపివేత. ఆ కిందే సీట్ల జాబితా కదిలి, చిట్టచివరి గడిలో మద్దిలేటి పేరు వచ్చి నిలిచింది.

"ఎందుకమ్మా? వాకిలి దాకా వచ్చినావు గదా."

"అబద్ధం చెప్తావా నాకు? జాబితాలో నీ పేరు లేదని సుబ్బక్క సదివి చెప్పింది."

"లేకపోతే లేదు. నా సీటు నా ఖర్మ. నువ్వు ఇంటికి పోవాల్సింది."

"పోయి ఏం చేసేది నాయనా? ఆడ నాతో పనుండేది ఎవురికి?"

మద్దిలేటి అరిచాడు. ఆమెను తిట్టాడు, సుబ్బక్కను తిట్టాడు, పరంజ్యోతిని తిట్టాడు. మనిషి కన్నీటిని తూకమేసే కాటా కనిపెట్టినవాణ్ణి వాడి ఏడు తరాలతో కలిపి తిట్టాడు. అరుస్తుండగానే తెలిసింది, వేలు ఇంకా వెచ్చబడుతోందని. అతడు అరిచేకొద్దీ హుసేనమ్మ మొహం తేటపడుతోంది. కొడుకు అలిగి ఎగురుతుంటే చూసే తల్లి మొహంలా ఉంది. ఉంగరం ఊడపీకి నేలకేసి కొట్టాలనుకుని రెండో చెయ్యి దాని మీద వేశాడు. తన పేరు చివరి గడిలో ఉంది. వెనకవాడు ఒక్క మార్కు తెచ్చుకుంటే పోతుంది. ఆరింటికి ఇంకా సమయముంది. ఇదంతా ఆ కోపంలోనే లెక్కకొచ్చింది. వేసిన చెయ్యి వేసినట్టే ఉండిపోయింది. ఆ చేతిని చూసుకుని అతనికి ఒళ్లు మండిపోయింది. గొంతు ఇంకా పెంచాడు.

"తిట్టు నాయనా," అంది హుసేనమ్మ, బిళ్ల ఉన్న చెవిని అతని వైపు తిప్పి. "ఇంకొంచెం తిట్టు. బాగా తగ్గుతాంది."