నోరు విప్పని ఆట

ఆదివారం పొద్దున్నే మినెర్వా అరటికాయలు ఉడికించి మెత్తగా మెదిపి పెట్టింది. రెండు ముద్దలు దిగేసరికి భర్త ఫెర్మీన్‌కు తలప్రాణం తోకకొచ్చింది. సాంతో దొమింగో వీధుల్లో బండి మీద అవకాడోలు అమ్మిన గొంతు అది. ఆ కేక వింటే ఆడవాళ్లు బుట్టలతో బయటికొచ్చేవారు. ఇప్పుడు ఆ గొంతులో క్యాన్సర్. రేడియేషన్‌తో తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది.

"స్వరపేటిక తీసేస్తారు. మెడకు పెట్టిన రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తావు. గాయం మానాక చిన్న కవాటం పెట్టి మాట నేర్పుతామంది డాక్టరమ్మ," అంది కూతురు యుదెల్కా. "రేపే రమ్మన్నారు నాన్నా."

"కేక పోయాక బతికి ఏం చెయ్యాలే? నేను రాను," అన్నాడు బొంగురుగా.

మినెర్వా రెండేసి అంకెలుండే దొమినో బిళ్లలు బల్ల మీద గుమ్మరించింది. "నువ్వూ నేనూ ఒక జోడీ. కూతురూ అల్లుడూ ఒక జోడీ. మనం గెలిస్తే రేపు వస్తావు. ఓడితే నేనిక ఈ ఊసెత్తను."

"మతి పోయిందా అమ్మా? నాన్న ప్రాణంతో పందెమా?"

"కూర్చోవే. ఆటలో జోడీలు మాట్లాడుకోకూడదు, అంతే."

ఓడిపోవడం ఎంతసేపని ఫెర్మీన్ మొదట్లోనే కావాలని తప్పు బిళ్ల వేశాడు. మినెర్వా తలెత్తి అతన్ని చూసింది. ఆమె కళ్లు నిండాయి గాని పెదవి కదపలేదు. అక్కణ్నుంచి అతనికి దారి దొరికేలా తన చేతిలోని మంచి బిళ్లలన్నీ వదులుకుంటూ ఆడింది. బల్ల మీది బిళ్లల వరసకు ఒక చివర అయిదు తేలింది, రెండో చివర రెండు. ఆ అంకెలున్న బిళ్ల లేక అల్లుడు రాదమేస్ బల్ల తట్టి పాస్ అన్నాడు.

ఫెర్మీన్ చేతిలో మిగిలింది ఒక్కటే బిళ్ల, అయిదు రెండు. ఎటు పెట్టినా గెలుపే. లేదని దాచేసి ఓడిపోవచ్చు. చెయ్యెత్తి బిళ్లను బల్ల అదిరేలా కొట్టాడు.

యుదెల్కా భోరుమంది.

"ఇన్నేళ్లూ మాట లేకుండానే నీ చేతిలో ఏముందో చదివాను ముసలోడా," అంది మినెర్వా కళ్లు తుడుచుకుంటూ. "కేక పోతే నాకు వినపడవనుకున్నావా?"

ఫెర్మీన్ లేచాడు. గడప దగ్గరికి వెళ్లి, మిగిలిన గొంతంతా పెట్టి అవకాడో కేక వేశాడు. బండీ లేదు, పండ్లూ లేవు. అయినా ఎదురింటావిడ బుట్ట పట్టుకుని బయటికొచ్చింది. అతను వెనక్కి తిరిగాడు.

"రేపు ఎన్నింటికి రమ్మన్నారు?"