దండం పెట్టిన చేతులు

పాలు పొంగకముందే స్టవ్ ఆపగలిగిన రోజు మంచిగా గడుస్తుందని గజేందర్ రెడ్డికి ఒక నమ్మకం. భార్య ప్రమీలాదేవి పోయాక వంటింట్లో ఆయన తనకు తానే పెట్టుకున్న శకునం అది. ఆ ఉదయం పాలు గిన్నె అంచుదాకా వచ్చి, మర్యాదగా ఆగాయి. రెండు కప్పుల్లో చాయ్ పోసి, చలికి చల్లారకుండా మూతలు పెట్టి, కూతురి కోసం వాకిట్లో కూర్చున్నాడు.

కృతిక నిన్న సాయంత్రమే వచ్చింది. ప్రాగ్ నగరంలో స్కాలర్‌షిప్ మీద పీజీ చేస్తోంది. యూరప్ రాజకీయాలు, సమాజం ఆమె చదువు. ఏడాది తర్వాత సెలవులకు ఇల్లు చేరిన పిల్ల, తెల్లవారగానే కోమటి చెరువు దాకా నడిచొస్తానని వెళ్లింది. "మా బిడ్డ పాలిటిక్స్ చదువుతున్నది" అని గజేందర్ కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటాడు. ఇంకాస్త వివరం అడిగితే మాత్రం "గదే, అక్కడి సంగతులన్ని" అంటూ చెయ్యి గాలిలో తిప్పుతాడు.

గేటు చప్పుడైంది. కృతిక వచ్చి చాయ్ వంక చూడకుండా ఆయన ఎదురుగా నిలబడింది.

"బాపూ, చౌరస్తల నా ఫ్లెక్సీ కట్టిన్రు."

గజేందర్ నవ్వాడు. సాయంత్రం తీరిగ్గా కూర్చోబెట్టి చెబుదామనుకున్న శుభవార్త. తమ్ముడు కర్ణాకర్ ఆగలేకపోయాడన్నమాట.

"చూసినవా? మన వార్డు లేడీస్‌కు రిజర్వయింది బిడ్డా. ఇంట్ల పాలిటిక్స్ చదివిన పిల్ల ఉండంగ బయటోల్లకు ఎందుకు ఇడిసిపెట్టాలె అన్నడు మీ చిన్నబాపు. నాకూ మంచిగనే అనిపించింది."

"నన్ను అడిగిన్రా?"

"ఇయ్యాల అడుగుదామనే..."

"నా మొహం చౌరస్తల కట్టినంక అడుగుతరా?"

ఆమె గొంతు పెంచలేదు. అదే ఆయనకు ఇబ్బందిగా అనిపించింది. ఇంతలో పక్కింటి నుంచి కర్ణాకర్, వెనకే పూరీల గిన్నె పట్టుకుని అతని భార్య రోజారాణి వచ్చారు.

"కాబోయే కౌన్సిలరమ్మకు దండాలు," అన్నాడు కర్ణాకర్ హుషారుగా.

"పొద్దుగాల్నే మొదలువెట్టకుండ్రి. పిల్లను తిననియ్యుండ్రి," అంది రోజారాణి.

"చిన్నబాపూ, ఎలక్షన్ దాక నేను ఈడ ఉంటే నా సెమిస్టర్ పోతది. స్కాలర్‌షిప్ కూడ పోతది," అంది కృతిక.

"పోనియ్యి. గా సర్టిఫికెట్ తెచ్చి ఏం జేస్తవ్? ఈడ కుర్చీ తయారుగున్నది."

"గా కుర్చీల పిల్లను కూసోనిస్తరా, మీరే కూసుంటరా?" పూరీలు సర్దుతూ అడిగింది రోజారాణి.

"నువ్వు జర ఊకో."

గజేందర్ సర్దిచెప్పబోయాడు. ఆయనకు నిజంగానే ఇందులో పేచీ ఏముందో అర్థం కాలేదు. "సెమిస్టర్ ఎందుకు పోతది బిడ్డా? నామినేషన్ మీద సంతకం పెట్టి నీ చదువుకు నువ్వు పో. తిరుగుడు, మాట్లాడుడు మేం చూసుకుంటం. గెలిచినంక ఆఫీసు పని నేను చూసుకుంట. మీ అమ్మప్పుడు చూసుకోలేదా?"

ప్రమీలాదేవి ఒకప్పుడు అదే వార్డుకు కౌన్సిలర్. అప్పుడూ సీటు మహిళలకే వచ్చింది. ఆమె సంతకాలు పెట్టేది, ఆయన తిరిగేవాడు. వార్డులో అందరూ ఆయన్నే కౌన్సిలర్ సాబ్ అనేవారు.

కృతిక పూరీల గిన్నె పక్కకు జరిపింది.

"ఆ ఫ్లెక్సీ నువ్వు చూసినవా బాపూ?"

"రాత్రి కట్టినట్టున్నరు. నేనింక అటు పోలే."

"అయితే రా."

చౌరస్తాలో యాదవ్వ చాయ్ హోటల్ పక్కన, రెండు స్తంభాల మధ్య కట్టి ఉంది. మూలలో కర్ణాకర్ ఫోటో. నడుమ నిలువెత్తున కృతిక, ఆకుపచ్చ గొల్లభామ బొమ్మల చీరలో, చిరునవ్వుతో దండం పెడుతోంది. గజేందర్ ఛాతీ ఒక్క క్షణం పొంగింది.

"మంచిగనే ఉన్నది గదనే. గా చీర ఎప్పుడు కట్టినవ్?"

"నేను కట్టలే."

"మరి?"

"చేతులు చూడు బాపూ."

ఆయన చూశాడు. జోడించిన చేతుల్లో కుడి బొటనవేలి పక్కన నూనె చింది కాలిన మచ్చ. గాజుల ముందు, ముంజేతికి వదులుగా జారిన పాత గడియారం. దాని పట్టీకి ఇంకో రంధ్రం పొడిపిస్తానని ఎన్నోసార్లు అని, ఎన్నడూ పొడిపించలేదు ఆయన. దవాఖానలో చివరిరోజు దాకా తను పట్టుకుని కూర్చున్న చేతులు అవి.

హోటల్ బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఏం జేసినవ్‌రా కర్ణాకర్?"

వెనకే వచ్చిన కర్ణాకర్ తలవంచుకున్నాడు. "బిడ్డది దండం పెట్టిన ఫోటో ఒక్కటి దొరకలే అన్నా. ఫ్లెక్సీ దుకాణంల వదినది పాతది ఉండె. తల ఒక్కటే మార్చమన్న. ఎవలు గుర్తుపడతరు అనుకున్న."

తల ఒక్కటే మార్చమన్న. ఆ మాట గజేందర్ చెవుల్లో ఆగిపోయింది. ఆ ఫోటో దిగిన రోజు గుర్తొచ్చింది. స్టూడియోలో కుచ్చిళ్లు సర్దుకుంటూ ప్రమీల అడిగింది: "మీటింగుల నన్ను అడిగితే నేనేం మాట్లాడాలె?" తను నవ్వాడు. "నువ్వు దండం పెట్టు చాలు. మాటలు నేను చూసుకుంట." ఆమె మళ్లీ ఎన్నడూ అడగలేదు. భార్య నెత్తిన బరువు పడకుండా చూసుకున్నానని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చాడు. ఇందాక వాకిట్లో బిడ్డతోనూ అదే మాట అన్నాడు.

యాదవ్వను కత్తి అడిగాడు. ఆమె ఎందుకని అడగలేదు. కత్తితోపాటు స్టూలు కూడా తెచ్చి, ఆయన ఎక్కుతుంటే కదలకుండా రెండు చేతులా పట్టుకుంది.

"అన్నా, నలుగురు చూస్తున్రు. వార్డంత చెప్పుకున్నం," అన్నాడు కర్ణాకర్.

"ఎవలను అడిగి చెప్పుకున్నం?"

తాళ్లు తెగాయి. ఫ్లెక్సీ జారి కిందికి వస్తుంటే కృతిక ఎదురెళ్లి, నేల తగలకుండా చేతుల్లోకి తీసుకుంది.

"ఇప్పుడు ఎవలను నిలవెట్టాలె మరి?" కర్ణాకర్ గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"నేను నిలవడ్త," అంది భర్త వెనకే చౌరస్తాకు వచ్చిన రోజారాణి.

"నువ్వా? నిన్ను నిలవెడితే నువ్వే మాట్లాడుతవు."

"గందుకే నిలవడ్త అంటున్న."

యాదవ్వ ఫక్కున నవ్వింది. ఆ పొద్దున మొదటిసారి కృతిక పెదవులు కదిలాయి. "చిన్నమ్మా, ఫోటో మాత్రం నీదే దిగు."

"దిగుత బిడ్డా. దండం పెట్టకుంట, చేతులు కట్టుకుని దిగుత."

ఇంటికి వచ్చాక గజేందర్ ఫ్లెక్సీని నడవాలో పరిచాడు. పాత ఫ్లెక్సీలు చంద్లాపూర్‌లోని తమ పొలానికి పోతాయి, వడ్ల మీద కప్పడానికి. ప్రమీల ఫ్లెక్సీలూ అట్లాగే పోయాయి, తనే పంపించాడు. దీన్ని మాత్రం చేతులున్న భాగం లోపలికి వచ్చేలా మెల్లగా మడిచాడు. మడత చివరికి వచ్చేసరికి కన్నీళ్లకు ఎదురుగా ఏదీ కనిపించలేదు. కృతిక వచ్చి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని బీరువాలో, ప్రమీల చీరల పక్కన పెట్టారు.

చల్లారిన చాయ్ మళ్లీ వెచ్చబెట్టి తెచ్చాడు. కప్పు చేతికిచ్చి, ఎదురుగా కూర్చున్నాడు.

"నువ్వు చదివేది ఏందో చెప్పు బిడ్డా. మొదటి నుంచి. నేను ఎన్నడూ అడగనే లేదు."

కృతిక ఒక గుక్క చాయ్ తాగింది. తర్వాత మొదలుపెట్టింది. పార్లమెంటులో ఆడవాళ్లు ఉండాలని అక్కడ కొన్ని దేశాలు చట్టాలు చేసుకున్నాయని, చట్టం వచ్చాక కూడా కొన్ని పార్టీలు వాళ్ల పేర్లను జాబితా అడుగున, గెలవని చోట పెట్టేవని, దాన్ని ఆడవాళ్లు ఎట్లా మార్చుకున్నారో తను రాస్తున్నానని చెప్పింది. రాస్తున్నప్పుడల్లా అమ్మ గుర్తొచ్చేదని కూడా చెప్పింది.

మధ్యలో రెండుసార్లు ఆయన మాట అందుకోబోయాడు. రెండుసార్లూ నోరు మూసుకున్నాడు. ఆమె అది గమనించి ఆగింది.

"చెప్పు బిడ్డా," అన్నాడు గజేందర్, "వింటున్న."