తాడు అడిగే దిబ్బ

జువ్వలదిన్నెకు ఉత్తరాన, సముద్రం ఒడ్డున ఒక ఇసుక దిబ్బ ఉంది. పొద్దు గూకితే అటు కుక్క కూడా పోదు. మునిగి చచ్చినవాళ్లు అక్కడ గట్టెక్కి తాడు అడుగుతారట... ఇచ్చినవాణ్ణి ఆ తాడుతోనే లోపలికి లాక్కుపోతారట.

ఈ కథ నాకు మంత్రసాని ముసలమ్మ చెప్పింది. గోరంతను కొండంత చేసే మనిషి. అయినా ఇది చెప్పేటప్పుడు మాత్రం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పంతొమ్మిది వందల అరవై మూడో, అరవై నాలుగో. చిన్నపోలయ్య తెప్పను ఒడ్డుకు లాగుతుంటే కబురొచ్చింది. పెళ్లాం పేరమ్మకు నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. ముసలమ్మ ఉండేది దిబ్బకు అవతలి పాళెంలో. చుట్టుదారిన పోతే తెల్లారుతుంది. భుజాన ఉన్న మోకుతాడు దించడం కూడా మరిచి దిబ్బ దారినే పరిగెత్తాడు.

భయం లేక కాదు. పన్నెండేళ్ల కిందట వాళ్ల నాయన నరసయ్య తెప్ప అక్కడే తిరగబడింది. చీకట్లో "తాడు... తాడు..." అని అరుపులు వినిపిస్తే, దెయ్యమనుకుని ఊరంతా తలుపులేసుకుంది. నరసయ్య మళ్లీ ఒడ్డుకు రాలేదు. అట్లా గడియ పెట్టుకున్నవాళ్లలో చిన్నపోలయ్య కూడా ఉన్నాడు.

గాలి లేచింది. దిబ్బ ఎక్కాడో లేదో — తెల్లగా ఏదో... రెండు చేతులూ బారచాపి, కొసలు పైకెత్తి ఊగుతోంది.

"తాడు..." బొంగురుపోయిన గొంతు. "తాడుంటే ఇయ్యి..."

చిన్నపోలయ్య కాళ్లు ఇసుకలో దిగబడ్డాయి. తను పోతే పేరమ్మ కూడా దక్కదు. కానీ మళ్లీ చెవులు మూసుకోవడం అతని వల్ల కాలేదు.

"నాయనా," అన్నాడు మెల్లగా. "ఇదిగో మోకు. నన్ను మాత్రం లాక్కుపోబాక. నీ కోడలు నొప్పులు పడతా ఉండాది."

"నేను మీ నాయన్ని కాదన్నా... తిమోతిని. నెల్లూరోణ్ణి."

చెక్కా గుడ్డా కలిపి చేసిన ఫ్రాన్సు దేశపు బుల్లి విమానం అది. మద్రాసులో విమానం నడపడం నేర్చుకుంటున్న తిమోతి దారి తప్పి, పెట్రోలు అయిపోయి, ఇసుక మీద దించాడు. గాలికి పల్టీ కొట్టకుండా ఒక రెక్కను పట్టుకుని వేలాడుతూ సాయంత్రం నుంచి తాడు కోసం అరుస్తున్నాడు. ఊరు అలవాటు ప్రకారం తలుపులేసుకుంది.

చిన్నపోలయ్యకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. విమానం కింద ఇసుకలో కూరుకుపోయిన దుంగకు మోకు చుట్టి, ఒక కొస ఈ రెక్కకు కట్టాడు. రెండోది అవతలికి విసిరాడు. అవతల ఎవరో అందుకుని బిగించారు. ఇద్దరొచ్చినట్టున్నారు అనుకుని ముసలమ్మ కోసం పరుగు తీశాడు.

తెల్లారేసరికి మగబిడ్డ. తల్లి క్షేమం. చిన్నపోలయ్య చెంబు నిండా గంజి తీసుకుని ముసలమ్మతో కలిసి దిబ్బకు వచ్చాడు.

"నీతో వచ్చినాయన ఏడి? ఆయనకూ తెచ్చినాం."

తిమోతి తలెత్తాడు. "నేనొక్కణ్ణే వచ్చినానన్నా. అవతలి రెక్క పట్టుకున్న పెద్దాయన మీ ఊరాయన కాదా? నేనెంత పలకరించినా మాట్లాళ్లేదు. తాడు చేతికి రాగానే కట్టేసి, సముద్రం వైపు పోయినాడు."

ముసలమ్మ అటు తిరిగి చూసింది. ఆ రెక్కకున్న ముడి ఎడమచేతివాటం మనిషి వేసినది. ఊళ్లో ఎడమచేత్తో ముడేసినవాడు నరసయ్య ఒక్కడే.

చిన్నపోలయ్య దాన్ని చాలాసేపు తడిమాడు.

"అందింది గదా నాయనా," అన్నాడు.