పసుప్పచ్చ మిక్సీలు

త్రినాధరావు లాభం లేని పని చెయ్యడని అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఎవరిని అడిగినా చెబుతారు. అతని మిక్సీల దుకాణంలో బల్లి కూడా బేరం కుదిరాకే పురుగుని పడుతుందని పక్క కొట్టు కన్నబాబు ఎగతాళి. అలాంటి మనిషి ఆ ఉదయం ఇడ్లీ ముందు పెట్టుకుని, తినకుండా మేడమెట్ల వైపు చూస్తున్నాడు.

మేడమీది గదిలో పాత చీరల కింద పసుప్పచ్చ మిక్సీలు గుట్టగా ఉన్నాయి. వాటికి ఆ రంగు ఎంచింది కూతురు మణి. పుణేలో మిక్సీల కంపెనీలో డిజైనరు. తెల్లవారుజామునే రైలు దిగింది.

"ఇడ్లీ సల్లారిపోతంది. పైకి సూడకండి, పిల్లకి అనుమానం వత్తాది," అంది భార్య నూకరత్నం గొంతు తగ్గించి. ఆ గది తాళంచెవి ఆవిడ కొంగు ముడిలో ఉంది.

మణి వచ్చి బల్లమీద వేలెడంత రంగు ముక్కలు పరిచింది.

"ఇయ్యేటమ్మా?"

"వచ్చే మిక్సీకి రంగులు నాన్నా. చీరల కొట్లు, టైల్సు షాపులు, కొత్త కార్లు అన్నీ చూసి ఏరుతాం. ముందుముందు ఆడవాళ్ళకి ఏది నచ్చుతుందో ఇప్పుడే చెప్పాలి."

"దానికి జీతవా? సిలక జోస్యం సెప్పేవోడికి టీ డబ్బులు కూడా రావే."

మణి నవ్వలేదు. "పోయినేడు నా పసుప్పచ్చ ఎక్కడా అమ్ముడుపోలేదు. ఒక్క అనకాపల్లిలోనే సరుకంతా అమ్ముడైంది. ఆ కొన్నవాళ్ళ ఇళ్ళకెళ్ళి ఎందుకు నచ్చిందో కనుక్కుంటే, మళ్ళీ అదే రంగు ఇంకాస్త ముదురుగా వేస్తాం. ఈసారీ తప్పితే నా ఉద్యోగం ఉండదు నాన్నా. పద, ఎవరింటికి వెళ్దాం?"

త్రినాధరావు ఇడ్లీ పళ్ళెం పక్కకి నెట్టాడు. కూతురి మొదటి రంగు పోలేదంటే పిల్ల నొచ్చుకుంటుందని, అమ్ముడైపోయాయని కంపెనీకి చెప్పి, సరుకంతా తనే కొని మేడెక్కించాడు. నష్టం అక్కడితో సరి అనుకున్నాడు. ఇప్పుడు దానికి పిల్లలు పుడుతున్నాయి.

"కొన్నోళ్ళంతా దూరమమ్మా. సీడికాడ అవతల."

"అందరూనా?"

"అందరూను. బస్సులు కూడా లేవు."

మణి తండ్రి మొహం చూసింది. తల్లి మొహం చూసింది. నూకరత్నానికి అబద్ధం చేతకాదు. చెయ్యి దానంతటదే కొంగు ముడి మీదకి పోయింది. మణి లేచి ఆ ముడి విప్పి, తాళంచెవి తీసుకుని మేడెక్కింది.

ఎంతకీ దిగకపోయేసరికి ఇద్దరూ వెళ్ళారు. చీరలు కింద పడున్నాయి. గది నిండా బంతిపూలు రాశి పోసినట్టుంది.

"అనకాపల్లి అంటే నువ్వేనా నాన్నా?"

త్రినాధరావు కండువా సవరించుకున్నాడు.

"నీ లెక్క నమ్మి మళ్ళీ పసుపే వెయ్యబోయేను. ఎందుకు పోలేదో నీకు తెలుసా?"

"మొదటిరోజే తెలిసింది. దేవరాపల్లి మరిడమ్మ ఒకటి పట్టుకెళ్ళి, మర్నాడే తెచ్చిచ్చేసింది. కొత్త వస్తువుకి పసుపు రాసి బొట్టెట్టి కదా వాడతారు. దీని మీద పసుపు రాసినా రాసినట్టే లేదంట. 'పసుపు ఆనని వస్తువు ఇంట్లో ఎలాగెట్టుకుంటాను బావూ' అంది. ఆ మాట బజారంతా పాకిపోయింది."

"సరుకు బాగోకపోతే కంపెనీవాళ్ళ మొహం మీదే అంటావు. నాకెందుకు చెప్పలేదు?"

"సరుకైతే అనేవోణ్ణే. అది నువ్వేసిన రంగు. నోరు రాలేదమ్మా."

మణి కళ్ళు నిండాయి.

"నోరు రాలేదు గానీ, నా పెళ్ళి సీర తెచ్చి మిక్సీలకి కప్పడానికి సెయ్యొచ్చింది," అంది నూకరత్నం కింద పడ్డ చీర దులుపుతూ.

ఏడుపు మధ్యలోనే మణికి నవ్వొచ్చింది. గబగబా కిందికి దిగి పసుపు కుంకుమ గిన్నెలు తెచ్చింది. ముగ్గురూ నేలమీద కూర్చుని ప్రతి రంగు ముక్కకీ బొట్లు పెట్టారు. ఎరుపు మీద కుంకుమ మునిగిపోయింది. గంధం రంగు మీద పసుపు తేలలేదు. ముదురాకుపచ్చ మీద మాత్రం రెండూ పైకి వచ్చాయి.

"తమలపాకునాగుంది," అంది నూకరత్నం.

మణి ఆ ముక్కనే దాచుకుంది. "ఈసారి ఒక్కటి కూడా నువ్వు కొనకూడదు. నా మీద ఒట్టు."

కూతురి తలమీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు త్రినాధరావు.

మరుసటేడు ఆకుపచ్చ మిక్సీలు దిగాయి. ఇచ్చిన టీ చల్లారిపోయేదాకా బేరమాడి, మరిడమ్మ ఒకటి కొంది. ఊరెళ్ళేదాకా ఆగలేక, కన్నబాబు కొట్లో పసుపు కుంకుమ కొని తెచ్చి అక్కడే బొట్టు పెట్టింది. దుకాణం గుమ్మం దాకా కనబడింది ఆ బొట్టు.

త్రినాధరావు ఫోను తీశాడు. "ఒకటి పోయింది తల్లీ."

అవతల నుంచి మణి అనుమానంగా అడిగింది. "నువ్వు కొన్నావా నాన్నా?"

"నేను కొంటే బేరమాడతానా? మరిడమ్మ నా లాభం సగం పీకేసింది."

లాభం తగ్గినందుకు త్రినాధరావు నవ్వడం కన్నబాబు చూడ్డం అదే మొదటిసారి. నవ్వుతూ కండువాతో కళ్ళు తుడుచుకోవడం కూడా.